కస్టమర్ చెప్పింది విన్నారు, అమ్మకాలు పడ్డాయి: వాల్‌మార్ట్ ‘ప్రాజెక్ట్ ఇంపాక్ట్’ కేస్ స్టడీ

రీటైల్‌లో ఏ సరుకు ర్యాక్ మీద ఉండాలో తేల్చే పనిలో ఉన్నవాళ్లకి ఏడాదికోసారైనా పైనుంచి ఒక మాట వస్తుంది: ‘ఎస్‌కేయూలు (విడివిడిగా లెక్కపెట్టే సరుకు రకాలు) బాగా పెరిగిపోయాయి, తగ్గించండి.’ మేం ఎక్సెల్ షీట్ తెరుస్తాం. అమ్మకాల ప్రకారం పైనుంచి కిందికి పేరుస్తాం. అడుగున ఉన్నవాటికి ఎర్ర రంగు వేస్తాం. మీటింగ్‌లో ఎవరూ అడ్డు చెప్పరు, ఎందుకంటే ఆ అడుగు వరసల్లో ఉన్న సరుకు మొత్తం అమ్మకాల్లో నూటికి రెండో మూడో వంతులే ఉంటుంది. ‘దీన్ని తీసేస్తే పోయేదేముంది?’ అని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

ఆ ప్రశ్నకి జవాబు కావాల్సినప్పుడు నేను చూపించే కేసు వాల్‌మార్ట్‌ది. 2008, 2011 మధ్య అమెరికాలో స్టోర్లని తెరిపి చేసి, సరుకు రకాలు తగ్గించి వాళ్లు చేసిన ప్రాజెక్ట్ ఇంపాక్ట్. తెలివితక్కువ వాళ్లు చేసిన పని కాదది. ఒక్కో అడుగూ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. కాబట్టే విప్పి చూడాలి.

ముందు ఆనాటి పరిస్థితి. 2008 సెప్టెంబరులో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది, మాంద్యం ముదిరింది. చేతిలో డబ్బున్న కుటుంబాలు కూడా ఖర్చు చూసుకోవడం మొదలుపెట్టాయి. అంతకుముందు టార్గెట్ అనే పోటీ చైన్‌కో, పెద్ద సూపర్ మార్కెట్‌కో వెళ్లేవాళ్లు వాల్‌మార్ట్ గుమ్మం తొక్కారు. మిగతా రీటైలర్లు విలవిల్లాడుతుంటే వాల్‌మార్ట్ అమ్మకాలు పెరిగాయి. ‘మాంద్యం పోయాక కూడా ఈ కొత్త కస్టమర్లని నిలబెట్టుకోవడం ఎలా?’ అనేది పై స్థాయిలో పట్టుకున్న ప్రశ్న అయింది.

కస్టమర్లని అడిగారు. స్టోర్ ఇరుకుగా ఉంది, చిందరవందరగా ఉంది, నడిచే దారి తెరిపిగా ఉంటే బాగుంటుంది అన్నారు. నిజమే మరి. వాల్‌మార్ట్‌లో ‘యాక్షన్ ఆలీ’ అని ఒక దారి ఉంటుంది. స్టోర్ మధ్యలో పోయే ఆ పెద్ద నడవలో సరుకుని చెక్క ప్యాలెట్ల (సరుకు మోసుకొచ్చే చెక్క చట్రాల) మీదే గుట్టలుగా పోసి అమ్మేవాళ్లు. పాలకోసం వచ్చినవాడు కూల్‌డ్రింకుల గుట్ట పక్కనుంచి, సాక్సుల గుట్ట చుట్టూ తిరిగి వెళ్లాలి. ప్రాజెక్ట్ ఇంపాక్ట్‌లో ఆ ప్యాలెట్లు తీసేశారు. ర్యాక్‌ల ఎత్తు తగ్గించారు, స్టోర్ ఈ చివర నుంచి ఆ చివరికి కనబడేలా. చాలా కేటగిరీల్లో సరుకు రకాలు కోసేశారు.

కోయడానికి వాళ్లు పెట్టుకున్న పద్ధతి పేరు ‘విన్, ప్లే, షో’. మర్చండైజింగ్ చీఫ్‌గా (ఏ సరుకు అమ్మాలో తేల్చే విభాగానికి పెద్దగా) అప్పుడున్న జాన్ ఫ్లెమింగ్ ఆధ్వర్యంలో వచ్చింది. ఆయన 2000లో వాల్‌మార్ట్‌కి రాకముందు టార్గెట్ మాతృసంస్థలో చాలా ఏళ్లు పనిచేసినవాడు. ఏ కేటగిరీల్లో మార్కెట్‌ని ఏలగలమో అవి ‘విన్’. అప్పట్లో ఫ్లాట్ టీవీలు అలాంటివి. పోటీలో ఉంటే చాలనుకున్నవి ‘ప్లే’. పేరుకి నాలుగు రకాలు పెడితే సరిపోతుందనుకున్నవి ‘షో’. చూడ్డానికి బాగుంది. నాకైతే ఇప్పటికీ ఈ పట్టిక అంటే కొంత ఇష్టమే. దీంట్లో ఉన్న లోపం దగ్గరికి తర్వాత వస్తాను.

కోతకి ఎక్కువమంది చెప్పుకునే ఉదాహరణ జిప్ బ్యాగులు. 2010 మొదట్లో ఆహారం దాచుకునే ప్లాస్టిక్ సంచుల ర్యాక్ నుంచి గ్లాడ్, హెఫ్టీ అనే రెండు పెద్ద బ్రాండ్లని తీసేసి, జిప్‌లాక్‌నీ, సొంత బ్రాండ్ గ్రేట్ వాల్యూనీ ఉంచారు. లెక్క సులువు: సంచి సంచే, ఒక బ్రాండ్ లేకపోతే పక్కది తీసుకుంటారు. సరఫరాదారు ఒక్కడే మిగిలితే అతని దగ్గర ధర ఇంకా గట్టిగా బేరమాడొచ్చు. కొంతకాలానికి హెఫ్టీ మళ్లీ ర్యాక్ ఎక్కింది.

ఇక ఫలితం. కనీసం ఏడాది పైబడిన స్టోర్లలో అమ్మకాలు నిరుటితో పోలిస్తే ఎంత శాతం పెరిగాయన్నది రీటైల్‌లో అసలైన థర్మామీటర్. వాల్‌మార్ట్ అమెరికా విభాగంలో 2009 మధ్య నుంచి 2011 మధ్య దాకా వరసగా తొమ్మిది త్రైమాసికాలు అది సున్నాకి దిగువనే ఉంది. 2010 క్రిస్మస్ సీజన్ ఉన్న త్రైమాసికంలో 1.8 శాతం తగ్గుదల. ఈ మధ్యలో 2010 జూన్‌లో అమెరికా విభాగం పగ్గాలు బిల్ సైమన్ చేతికి వచ్చాయి, ఆ వేసవిలోనే ఫ్లెమింగ్ బయటికి వెళ్లిపోయాడు. 2011 ఏప్రిల్‌లో సుమారు 8,500 రకాల సరుకుని మళ్లీ స్టోర్లలోకి తెస్తున్నామని కంపెనీ ప్రకటించింది. సగటు స్టోర్లో అది దాదాపు 11 శాతం పెరుగుదల. యాక్షన్ ఆలీలోకి ప్యాలెట్లు తిరిగొచ్చాయి. 2011 అక్టోబరుతో ముగిసిన త్రైమాసికంలో పాత స్టోర్ల అమ్మకాలు 1.3 శాతం పెరిగాయి.

ఆ రెండేళ్లలో కస్టమర్ సంతృప్తి మార్కులు పడిపోలేదు. కొత్త స్టోర్ జనానికి నచ్చింది, కొనడం మాత్రం తగ్గించారు అని సైమన్ తర్వాత ఒప్పుకున్నాడు. నచ్చడం పెరిగి కొనడం తగ్గిందంటే కొలబద్దలోనే తేడా ఉందని అర్థం.

అడిగిన ప్రశ్న

‘స్టోర్ నీట్‌గా, విశాలంగా ఉంటే ఇష్టమేనా?’ అంటే కాదనేవాడు ఎవడుంటాడు? ఆ జవాబుకి కస్టమర్ జేబులోంచి పైసా పోదు. ‘దారి విశాలం చేస్తాం, కానీ నువ్వు వాడే డిటర్జెంట్ సైజు ఇకమీద దొరకదు, సరేనా?’ అని అడిగితే జవాబు వేరేలా ఉండేది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి అన్నది ప్రశ్నలో లేకపోతే, వచ్చేది కోరికల చిట్టా మాత్రమే. దాని మీద ర్యాక్‌లు ప్లాన్ చెయ్యకూడదు.

ఇంకో చిక్కుంది. ప్యాలెట్ గుట్టలు కస్టమర్‌కి అడ్డంగా కనిపిస్తాయి, కానీ అవే అతనికి ‘ఇక్కడ చవక’ అని చెబుతున్నాయి. గుట్ట పోసి అమ్మేది ఖరీదైన సరుకు కాదని ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలుసు. మన దగ్గర ఆషాఢం సేల్‌లో చీరలు గుట్టగా పోస్తే జనం ఎగబడి ఏరుకుంటారు, అవే చీరలు మడతపెట్టి అద్దాల బీరువాలో పెడితే దూరం నుంచే చూసి వెళ్లిపోతారు. సర్వేలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. అది తమ మీద పనిచేస్తోందని వాళ్లకే తెలియదు.

పైగా జవాబు చెప్పినవాళ్లు ఎవరు? స్టోర్లో ఉన్నవాళ్లు. తనకి కావలసింది దొరక్క వేరే షాపుకి మారినవాడు వాల్‌మార్ట్ క్యాషియర్ దగ్గర ఫీడ్‌బ్యాక్ ఫారం నింపడు. అలిగి వెళ్లినవాళ్లు లెక్కలోంచి జారిపోతే, మిగిలినవాళ్ల సగటు సంతృప్తి దానంతటదే మెరుగ్గా కనబడుతుంది. సంతృప్తి మార్కుల పక్కన పాత కస్టమర్లు ఎంతమంది తిరిగొచ్చారన్న అంకె లేకపోతే నేను ఆ స్లైడ్ చూడను.

వరసలో వేసిన లెక్క

నా దృష్టిలో అసలు తప్పు ఇక్కడుంది, మిగతావన్నీ దీని చుట్టాలు. సరుకు విలువని ఆ సరుకు వరసలోనే కొలిచారు. కస్టమర్ మాత్రం ఒక్క సరుకు కోసం ఇల్లు కదలడు. చేతిలో లిస్టు పట్టుకుని, కారులో సంచులు వేసుకుని, వారానికి సరిపడా కొనుక్కోవడానికి వస్తాడు. వాల్‌మార్ట్ సూపర్ సెంటర్ అమ్మే అసలు సరుకే అది: ఒక్కచోట అన్నీ దొరుకుతాయి, రెండో షాపుకి వెళ్లక్కర్లేదన్న భరోసా.

ఊహాలెక్క ఒకటి వేద్దాం. ఒక బ్రాండ్ జిప్ బ్యాగులు వారానికి 40 ప్యాకెట్లు పోతున్నాయి, ప్యాకెట్ 3 డాలర్లు. దాన్ని తీసేశాం. 30 మంది పక్క బ్రాండ్ కొన్నారు. షీట్ ఏమంటుంది? డిమాండ్‌లో 75 శాతం నిలబడింది, పోయింది 30 డాలర్లే, ఖాళీ అయిన చోటు ఇంకో సరుకుకి వచ్చింది, భేష్. ఆ పోయిన పదిమందిలో ఇద్దరు మాత్రం ‘ఎలాగూ ఇంకో షాపుకి వెళ్తున్నాం కదా’ అని వంద డాలర్ల బండి అక్కడే నింపుకున్నారనుకోండి. 200 డాలర్లు పోయాయి. ఆ 200 జిప్ బ్యాగుల వరసలో ఎక్కడా కనబడవు. పాల వరసలో రెండు డాలర్లు, చికెన్‌లో ఎనిమిది, సబ్బుల్లో అయిదు, ఇలా ముక్కలు ముక్కలుగా తగ్గుతాయి. పాల కేటగిరీ మేనేజర్ పక్క షాపు ధర తగ్గించిందేమో అనుకుంటాడు. చికెన్ మేనేజర్ వాతావరణాన్ని తిడతాడు. జిప్ బ్యాగుల మేనేజర్‌కి ఇన్సెంటివ్ వస్తుంది.

ఇక ‘అడుగు సరుకు మొత్తం అమ్మకాల్లో 2 శాతమే’ అన్న వాదన. ఇది వినగానే నేను క్యాలిక్యులేటర్ తీస్తాను. ఒక ఇంటికి క్రమం తప్పకుండా కొనే రకాలు 40 ఉన్నాయనుకుందాం. ఏ ఒక్కటైనా కోతలో పోయే అవకాశం నూటికి రెండు. నలభైలో ఒక్కటి కూడా పోని ఇళ్లు ఎన్ని? 0.98ని నలభైసార్లు హెచ్చిస్తే సుమారు 0.45. అంటే నూటికి 55 ఇళ్లలో కనీసం ఒక సరుకు మాయమైంది. కోత 5 శాతమైతే ఆ సంఖ్య 87కి చేరుతుంది. నిజజీవితంలో సరుకులు ఇంత విడివిడిగా ఉండవు, కొన్ని ఇళ్లకి మూడు నాలుగు ఒకేసారి పోతాయి, కొన్నింటికి ఏమీ పోవు. అయినా దిశ ఇదే. ఫాస్ట్ మూవింగ్ సరుకు అందరిదీ, అది ఏ షాపులోనైనా దొరుకుతుంది. మెల్లగా కదిలే సరుకు ఒక్కో ఇంటికి ఒక్కోటి, దాని కోసమే మన షాపుకి రావడం.

‘విన్, ప్లే, షో’ లోపం కూడా ఇదే. అది కేటగిరీలని పోటీదారుతో పోల్చి చూస్తుంది, ఒకదానితో ఒకటి ఎలా కలిసి అమ్ముడవుతాయో చూడదు. కుట్టుపని బట్టల సంగతి తీసుకోండి. గజాల లెక్కన బట్ట కొలిచి కత్తిరించి ఇచ్చే టేబుల్‌ని వాల్‌మార్ట్ చాలా స్టోర్లలో అప్పటికి కొన్నేళ్లుగా తీసేస్తూ వచ్చింది. చదరపు అడుగుకి వచ్చే డబ్బు ప్రకారం అది దండగ. చోటు ఎక్కువ తింటుంది, ఒక మనిషి కత్తెరతో నిలబడాలి, బిల్లు చూస్తే కొన్ని డాలర్లు. కానీ చిన్న ఊళ్లలో కుట్టుకునే ఆడవాళ్లకి బట్ట, దారం, గుండీలు దొరికే చోటు అదొక్కటే, వాటితోపాటు ఆ వారం కిరాణా అంతా అక్కడే. 2011లో వెనక్కి తెచ్చినవాటిలో ఈ బట్టల విభాగం ఉంది, చేపలు పట్టే సామానూ వేట సామానూ ఉన్నాయి. ఏ ‘విన్’ జాబితాలోనూ చోటు దొరకని సరుకే ఇదంతా.

వరసలో లెక్కకీ మనిషి లెక్కకీ ఎంత తేడా వస్తుందో చూపించే పరిశోధన జంట ఒకటుంది. ఇది తెలిసినప్పటినుంచి నేను దాదాపు ప్రతి మీటింగ్‌లోనూ వాడుతున్నాను. అమెరికాలో ఒక ఆన్‌లైన్ కిరాణా సంస్థ సరుకు రకాలు బాగా కోసింది. ఆ డేటాని బోట్‌రైట్, న్యూన్స్ అనే ఇద్దరు 2001లో కేటగిరీల వారీగా విశ్లేషించారు. 42 కేటగిరీల్లో సగటున అమ్మకాలు 11 శాతం పెరిగాయని తేల్చారు. ‘తక్కువే ఎక్కువ’ అని ఊదరగొట్టేవాళ్లందరూ ఈ పేపర్‌ని ఎత్తి చూపిస్తారు. 2005లో, అదే ఇద్దరు మరికొందరితో కలిసి, అలాంటి కోతనే కస్టమర్ల వారీగా చూశారు. ఒక్కో కస్టమర్ ఎన్నాళ్లకోసారి వస్తున్నాడు, వచ్చినప్పుడు ఎంత కొంటున్నాడు అని. రావడం తగ్గింది, కొనడమూ తగ్గింది, రెండింటిలో రావడానికే ఎక్కువ దెబ్బ. మొత్తం షాపు అమ్మకాలు పడ్డాయి. అడ్డంగా కూడితే లాభం, నిలువుగా కూడితే నష్టం. వాల్‌మార్ట్ కోత మొదలుపెట్టేటప్పటికి ఈ రెండో పేపర్ అచ్చై మూడేళ్లయింది.

అరువు తెచ్చుకున్న ఉదాహరణలు

రకాలు తగ్గించాలనేవాళ్లు జామ్ ప్రయోగం తప్పకుండా తెస్తారు. 2000లో అయ్యంగార్, లెపర్ అచ్చువేసినది. కాలిఫోర్నియాలో మెన్లో పార్క్‌లోని డ్రేగర్స్ అనే షాపులో రుచి చూసే టేబుల్ పెట్టారు. 24 రకాల జామ్ ఉన్నప్పుడు ఆగినవాళ్లలో 3 శాతం కొన్నారు, 6 రకాలున్నప్పుడు 30 శాతం కొన్నారు. ఇంతవరకే చెప్పి స్లైడ్ మారుస్తారు. ఆ షాపు ర్యాక్‌లో జామ్ రకాలు మూడొందల పైచిలుకు ఉన్నాయి, టేబుల్ దగ్గర రుచి చూసినవాళ్లు కూపన్ పట్టుకుని ఆ ర్యాక్ దగ్గరికే వెళ్లి కొన్నారు. అంటే ప్రయోగంలో తగ్గించింది టేబుల్ మీద, షాపులో ఒక్క సీసా కూడా తీసేయలేదు. ర్యాక్ కోతకి దీన్ని సాక్ష్యంగా తేవడం అన్యాయం. తర్వాత 2010లో ఇలాంటి యాభై ప్రయోగాలని కలిపి చూస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది.

రెండో అరువు ఉదాహరణ కాస్ట్‌కో. నాలుగు వేల రకాలతోనే అంత పెద్ద వ్యాపారం చేస్తోంది కదా అంటారు. చేస్తుంది. మెంబర్‌షిప్ ఫీజు కట్టి లోపలికొచ్చిన మనిషి అక్కడ అన్నీ దొరుకుతాయని అనుకుని రాడు. ఆ రోజు ఏది చవగ్గా ఉంటే అది పెట్టెల లెక్కన కొనుక్కుని, మిగతావాటికి ఇంకో షాపుకి వెళ్తాడు. ఆ ఇంకో షాపు చాలామందికి వాల్‌మార్టే. కాస్ట్‌కో రకాల సంఖ్యని తెచ్చుకుని, కాస్ట్‌కో కస్టమర్ అలవాటుని తెచ్చుకోకపోతే మిగిలేది సగం ఖాళీ ర్యాక్.

పెద్ద తప్పు ఇంకోటి కూడా ఈ కోవలోదే. మాంద్యంలో వచ్చిన కొత్త కస్టమర్లు స్టోర్ టార్గెట్‌లా ఉంటే నిలబడతారని అనుకున్నారు. వాళ్లొచ్చింది ధర కోసం. టార్గెట్‌లా ఉండే షాపు కావాలంటే టార్గెట్ ఉండనే ఉంది. ఈలోపు వాల్‌మార్ట్‌ని ఏళ్ల తరబడి నమ్ముకున్న, జీతం నుంచి జీతానికి బతికే ఇళ్లకి డాలర్ జనరల్‌లాంటి చిన్న షాపులు దగ్గర్లోనే కనబడ్డాయి. అదే కాలంలో వాటి పాత స్టోర్ల అమ్మకాలు పెరుగుతూ పోయాయి.

సరుకు కోత మీద వెయ్యకూడని నిందలు

న్యాయంగా చెప్పాలంటే తొమ్మిది త్రైమాసికాల అమ్మకాల తగ్గుదల మొత్తాన్నీ ఈ ప్రాజెక్ట్ ఖాతాలో రాయలేం. 2009లో తిండి సామాను ధరలే తగ్గాయి, అదే సంఖ్యలో అమ్మినా డబ్బు తక్కువ వస్తుంది. 2009 అక్టోబరులో అమెరికా నిరుద్యోగం 10 శాతానికి చేరింది. ధరల విషయంలోనూ వాల్‌మార్ట్ తడబడింది. రోజూ ఒకే తక్కువ ధర అనే పాత పద్ధతి నుంచి పక్కకి జరిగి, కొన్నింటి మీద భారీ తగ్గింపులు ఇస్తూ 2010లో కొన్నాళ్లు నడిపింది. ప్రాజెక్ట్ ఇంపాక్ట్ నష్టం ఇన్ని వందల కోట్ల డాలర్లని ఖచ్చితమైన అంకె ఒకటి ఇంటర్నెట్‌లో తిరుగుతుంది. నేను దాన్ని వాడను. ఇన్ని కారణాలు కలిసున్న చోట ఒక్కదాని వాటాని అంత గీసినట్టు విడదీయడం కుదరదు.

అయినా కోత తప్పేనని నేను ఎందుకంటున్నానంటే, 2010లో, 2011 మొదట్లో బిల్లు సగటు కంటే స్టోర్‌కి వచ్చే జనమే తగ్గారు. ధరలు పడిపోతే బిల్లు తగ్గుతుంది, జనం రావడం తగ్గక్కర్లేదు. మనుషులు తగ్గడం ‘అక్కడ నాకు కావలసింది దొరకదు’ అన్న కారణానికి సరిగ్గా సరిపోతుంది.

కోత ఎప్పుడూ తప్పని కూడా కాదు. 1998లో బ్రోనియార్చిక్, ఆమె సహ పరిశోధకులు చూపించారు: పావు వంతు దాకా తీసేసినా కస్టమర్‌కి రకాలు తగ్గినట్టు అనిపించదు, రెండు షరతులు పాటిస్తే. అతను ఇష్టపడే సరుకు ఉండాలి, కేటగిరీకి ఇచ్చిన ర్యాక్ చోటు కుదించకూడదు. వాల్‌మార్ట్ ర్యాక్‌ల ఎత్తే తగ్గించింది.

ఎర్ర రంగు వేసేముందు

నేను ఇప్పుడు పట్టుబట్టేది బిల్లుల్ని. అడుగు వరసలోని ప్రతి సరుకుకీ, అది ఉన్న బిల్లుల సగటు ఎంత, మొత్తం షాపు బిల్లు సగటు ఎంత అని పక్కపక్కన పెట్టమంటాను. వారానికి ఆరు ప్యాకెట్లే పోయే సరుకు ప్రతిసారీ నాలుగు వేల రూపాయల బిల్లులో కనబడుతుంటే దాని జోలికి వెళ్లం. లాయల్టీ కార్డు డేటా ఉంటే ఇంకా నయం: ఆ సరుకు ఎప్పుడూ కొనే ఇళ్లు ఎన్ని, నెలకి మన దగ్గర ఎంత పెడుతున్నాయి. అదే సరుకు పక్క వీధి కిరాణా కొట్లో దొరుకుతుందా లేదా అన్నది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండదు, స్టోర్ మేనేజర్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి. షీట్ ఏ నెలలది అన్నది కూడా చూడాలి. శ్రావణ భాద్రపదాల అమ్మకాలు చూసి దీపారాధన వత్తుల రకాలు కోసేసి, కార్తీకమాసంలో తలపట్టుకున్న చైన్లు మన దగ్గరే ఉన్నాయి.

వీటన్నిటికంటే ముఖ్యం, కొన్ని స్టోర్లలో మాత్రమే కోసి, అలాంటివే ఇంకొన్నింటిని ముట్టుకోకుండా ఉంచడం. కనీసం ఆరునెలలు. మొదటి నెల అంకెలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. క్లియరెన్స్ సేల్ అమ్మకాలు కలుస్తాయి, కస్టమర్ ఇంకా అలవాటు కొద్దీ వస్తూనే ఉంటాడు. రెండు మూడుసార్లు వెతుక్కుని దొరక్కపోతేనే దారి మారుస్తాడు. యాజమాన్యానికి ఆరునెలలు అంటే చిరాకు, తెలుసు. మూడు నెలలకి బేరమాడతారు, నేను ఒప్పుకోను.

వాల్‌మార్ట్ దిద్దుబాటులోనూ ఇదే లోటు. 8,500 రకాలు తిరిగి పెట్టడం, ప్యాలెట్లు తిరిగి పెట్టడం, రోజూ తక్కువ ధర పద్ధతికి తిరిగి రావడం, 2006లో ఆపేసిన లేఅవే వాయిదా కొనుగోలుని 2011 క్రిస్మస్‌కి మళ్లీ తేవడం, అన్నీ ఒకే ఏడాదిలో జరిగాయి. అమ్మకాలు పెరిగాయి, సరే. ఆ 8,500లో ఏ వెయ్యి మనుషుల్ని వెనక్కి రప్పించాయో, ఏ ఏడు వేలు ఊరికే ర్యాక్ నింపాయో బయటినుంచి చూసే మనకి తెలిసే వీల్లేదు. సరుకు రకాలు పెరిగితే వాటిని గోడౌన్ నుంచి ర్యాక్ మీదికి సర్దే చేతులు కూడా పెరగాలి. 2013కల్లా వార్తల్లోకి ఎక్కింది ఇంకో ఫిర్యాదు: స్టోర్లలో సిబ్బంది తక్కువయ్యారు, సరుకు వెనక గదిలో పెట్టెల్లోనే ఉండిపోతోంది, ముందు ర్యాక్‌లు ఖాళీగా ఉంటున్నాయి అని.